చింతలబావి స్టేషన్ యథాతథ పునరుద్ధరణ

చింతలబావి భూగర్భ స్టేషన్‌లో రెండో నంబరు మెట్ల మీద పైకప్పు కారుతోందని స్టేషన్ సూపరింటెండెంటు వేముగంటి సులోచన పై ఆఫీసుకు పదకొండు ఉత్తరాలు రాసింది. పన్నెండో దానికి జవాబు వచ్చింది. మరమ్మతుల విభాగాన్ని పోయిన ఏడాదే రద్దు చేశారనీ, దాని స్థానంలో పునరుద్ధరణ విభాగం ఏర్పడిందనీ, ఆ విభాగం వారసత్వ కట్టడాలను తప్ప వేరేవాటిని ముట్టుకోదనీ, కాబట్టి సదరు స్టేషన్ వారసత్వ కట్టడం అవునో కాదో జతపరచిన ఫారంలో తెలియజేయవలసిందనీ అందులో ఉంది.

సులోచన ఫారం ముందు పెట్టుకుని ఆలోచించింది. స్టేషన్‌కు ఇరవై రెండేళ్లు. ఆమె మేనకోడలికీ అదే వయసు. మేనకోడలిని ఇంతవరకూ ఎవరూ వారసత్వ సంపద అనలేదు. కానీ మా నగరంలో నేల కింద కట్టిన మొదటి స్టేషన్ ఇదేనన్న మాట నిజం. రోజూ ఆ తడి మెట్ల మీద ఎవరో ఒకరు జారుతున్నారన్న మాటా నిజం. స్టేషన్ ఎదురుగానే కంటి ఆసుపత్రి ఉంది. ఆపరేషన్ చేయించుకుని ఒక కంటి మీద పచ్చగుడ్డ కట్టించుకున్నవాళ్లు పక్కవాళ్ల భుజం పట్టుకుని ఆ మెట్లే దిగి రైలెక్కుతారు. సులోచన వాళ్లను తలుచుకుని ‘అవును’ అన్న గడిలో టిక్కు పెట్టింది.

వారం తిరక్కుండానే వారసత్వ పునరుద్ధరణ సంచాలకులు డాక్టర్ పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. పొడుగ్గా, సన్నగా ఉంటారు. ఎవరింట్లోనూ టీ కూడా తాగని మనిషని పేరు. నియమావళిని ఆయనే రాశారు, ఆయనే అచ్చు తప్పులు దిద్దారు, నగరంలో దాన్ని ఆసాంతం చదివినవాడు కూడా ఆయనొక్కడే. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి చేతిరుమాలుతో ఒక స్తంభాన్ని తుడిచి, దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకున్నారు.

“సులోచన గారూ, తాము ఎటువంటి స్థలంలో కూర్చుని ఉద్యోగం చేస్తున్నారో తమకు తెలిసినట్టు లేదు,” అన్నారు.

“తెలుసు సార్. తడి స్థలంల,” అంది సులోచన. “గా రెండో నంబరు మెట్లు జర చూస్తరా?”

“మెట్లు ఎక్కడికీ పోవు. ముందు ఏడవ నియమం ఆలకించండి.” ఆయన పుస్తకం తెరవకుండానే చదివారు. “వారసత్వ కట్టడమును దాని ప్రారంభోత్సవ దినమున ఉన్న స్థితికి యథాతథముగా తీసుకొనిరావలెను. తదనంతర కాలమున వచ్చి చేరిన ప్రతి అంశమును చేర్పుగా పరిగణించి తొలగించవలెను.”

ఇందులో సులోచనకు అభ్యంతరం ఏమీ కనబడలేదు. ప్రారంభోత్సవం నాటికి స్టేషన్ కొత్తది. కొత్త కప్పు కారదు కదా అనుకుంది.

అయితే ఆనాటి స్థితి ఏమిటో తెలియాలి. స్టేషన్ చరిత్రకు సంబంధించిన ఫైళ్లు, ఫైళ్ల గదిని పునరుద్ధరించినప్పుడు ఎక్కడికో తరలిపోయాయి. అందుకని సంచాలకులు సాక్షుల వాంగ్మూలం తీసుకోదలిచారు. సాక్షి ఒక్కతే దొరికింది. ఊడ్చే ఎల్లవ్వ. స్టేషన్ తవ్వుతున్నప్పుడు మట్టి తట్టలు మోసి, తెరిచాక చీపురు పట్టుకుని, ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంది.

ఆమెను సులోచన గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎదురుగా రికార్డరు పెట్టారు. ఎల్లవ్వ కొంగు సర్దుకుంది.

“ప్రారంభోత్సవ దినాన మీరు ఇక్కడ ఉన్నారా?” అని సంచాలకులు అడిగారు.

“ఉన్న సార్. అందరికన్న ముందుగాల ఒచ్చి ఊడ్చిన.”

“అప్పుడు ఈ స్టేషన్ ఏ విధంగా ఉండెను?”

“సగం సగం ఉండె. మంచి ముహూర్తం ఉన్నదని జల్ది జల్ది తెరిచిండ్రు. ఫ్యాన్లు లెవ్వు, కూసునుటానికి బల్లలు లెవ్వు, నల్లా లేదు. లిఫ్టు రెండేండ్లకు ఒచ్చింది. అవుతల దిక్కు గోడకు సున్నం గూడ ఎయ్యలే.”

సంచాలకులు ఉత్సాహంగా రాసుకుంటున్నారు. “మరి కప్పు?”

“గది మొదటి దినం సంది కార్తనే ఉన్నది సార్. రిబ్బను కత్తిరిచ్చెటాయన నెత్తి మీదనే వడ్డది.”

సంచాలకుల కలం ఆగిపోయింది. “ఆద్య జలం,” అన్నారు మెల్లగా. తలుపు దగ్గర నిలబడ్డ సులోచన, ఆ మాట చెరిపే వీలుందా అన్నట్టు రికార్డరు వైపు చూసింది.

“రైలు ఎప్పుడు వచ్చింది?” అన్నది ఆయన చివరి ప్రశ్న.

“రైలా? అది ఇంకో ఏడాదిన్నరకు ఒచ్చింది సార్.”

పని మరుసటి సోమవారం మొదలైంది. మొదట ఫ్యాన్లు పోయాయి. బల్లలను లారీలో ఎక్కించారు. నల్లా ఊడబెరికి గొట్టానికి బిరడా కొట్టారు. అవతలి గోడకున్న రంగు గీకి ఇటుకలు బయటపెట్టారు. లిఫ్టు కూడా జాబితాలో ఉంది కానీ, తొలగించే కాంట్రాక్టరుకు మోకాళ్ల నొప్పులు. తన పని అయ్యేదాకా లిఫ్టు ఉండవలసిందేనని ఆయన పట్టుబట్టడంతో దాన్ని జాబితాలో అన్నిటికన్నా అడుగుకు దింపారు.

కారే కప్పు కింద ఒక ఇత్తడి పలక బిగించారు. ‘ప్రారంభోత్సవ కాలపు నీటిధార. తాకరాదు’ అని దాని మీద చెక్కించారు. ఎల్లవ్వ అక్కడ పెట్టుకున్న బకెట్టును తదనంతర చేర్పు కింద పట్టుకుపోయారు. బకెట్టు పోయాక నీళ్లు మెట్లన్నీ పారి, ఒకే ఉదయం ముగ్గురు జారిపడ్డారు.

సులోచన పదమూడో ఉత్తరం రాయడానికి కూర్చుంది. ‘జనం పడిపోతున్నారు’ అని మొదలుపెట్టి, ఆ మాటకు గతంలో పన్నెండుసార్లు ఏమైందో గుర్తొచ్చి కొట్టేసింది. నియమావళి తెప్పించుకుని రెండు రోజులు చదివింది. తర్వాత ఇలా రాసింది: ‘ప్రారంభోత్సవ కాలపు జలము సామాన్య ప్రయాణికుల పాదరక్షల కింద పడి నలుగుచున్నది. వారసత్వ వస్తువును తొక్కుట ఇరవై మూడవ నియమము ప్రకారము నేరము. తగు చర్య తీసుకొనగలరు.’

ఆ మధ్యాహ్నమే ఇద్దరు పనివాళ్లు వచ్చారు. కప్పు కింద రాగి గొట్టం అమర్చి, నీళ్లు ఒక్క చుక్క మెట్టు మీద పడకుండా గోడ వెంట కాలువలోకి మళ్లించి, మెట్లు తుడిచి ఆరబెట్టి వెళ్లారు.

“పదమూడో ఉత్తరంల ఏం రాసినవు మేడం?” అని ఎల్లవ్వ అడిగింది.

“వాళ్ల భాషల రాసిన,” అంది సులోచన.

ఆ సంతోషం నాలుగు రోజులు నిలిచింది. ఐదో రోజున జాబితాలో నలభై ఒకటో అంశం అమలు చేయవలసిందని ఉత్తర్వు వచ్చింది. సులోచన జాబితా తీసి చూసింది. నలభై ఒకటో అంశం: రైళ్లు.

ఆమె సంచాలకులకు ఫోను చేసింది. “సార్, టైపింగుల ఏదో తప్పు పడ్డట్టున్నది.”

“తప్పేమీ లేదు. రైళ్లు ప్రారంభోత్సవం తర్వాత పదునెనిమిది మాసములకు వచ్చినవని సాక్షి స్పష్టముగా చెప్పినది. అవి చేర్పు. ఇకమీదట ఇక్కడ ఆగకుండా సాగిపోవును.”

“రైలు ఆగేదాన్నే స్టేషన్ అంటరు కద సార్.”

“అది వినియోగదారుల దృక్పథం. మనది చారిత్రక దృక్పథం. ఇరవై ఏళ్లకు పైగా ఈ కట్టడమును రైళ్లు ఎంతగా మరుగుపరిచినవో తాము గమనించలేదు. ఒక్కసారి అవి లేకుండా చూడండి.”

“మరి ప్రయాణికులు?”

“రైళ్లు లేనప్పుడు ప్రయాణికులు ఉండరు. సందర్శకులు ఉంటారు. చెప్పులు విడిచి రానివ్వండి.”

మర్నాటి నుంచి రైళ్లు ఆరు నిమిషాలకొకటి చొప్పున చింతలబావిలోంచి ఆగకుండా దూసుకుపోయాయి. కిటికీల్లోంచి జనం తమ స్టేషన్ వెనక్కి వెళ్లిపోవడం చూసి, తర్వాతి స్టేషన్ గొల్లపేటలో దిగి మైలు దూరం వెనక్కి నడిచారు.

కంటి ఆసుపత్రికి వచ్చేవాళ్లలో హనీఫ్ సాబ్ ఒకరు. పాతబజారులో గడియారాలు బాగుచేస్తారు. ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. కుడి కంటికి వచ్చే నెలలో కావాలి. అందాకా ఒకరోజు విడిచి ఒకరోజు చూపించుకోవాలి. ఆయన స్టేషన్ గేటు దగ్గర నిలబడి, తాడు కట్టి ఉండటం చేత్తో తడిమి తెలుసుకున్నారు.

“రైలు ఆగదా అమ్మా?”

“ఆగదు సాబ్,” అంది సులోచన.

“ఏమైంది, ఖరాబయ్యిందా?”

“లేదు. చరిత్ర అడ్డమొచ్చింది.”

ఆమె గేటు ఎల్లవ్వకు అప్పగించి హనీఫ్ సాబ్‌ను తానే గొల్లపేట దాకా తీసుకువెళ్లింది. ఆయన ఆమె భుజం పట్టుకున్నారు. ఆయన వెనుక పచ్చగుడ్డ కట్టుకున్న ఇంకొకాయన, ఆయన వెనుక ఒక ముసలామె, ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరసగా నడిచారు. బస్సులు, ఆటోలు మీదికొస్తున్నాయి. నాలుగు రోడ్ల కూడలి దగ్గర సులోచన చెయ్యెత్తి వాహనాలు ఆపి ఒక్కొక్కరినీ దాటించింది. స్టేషన్ మేడం రోడ్డు మీద రైలు నడుపుతోందని ఎవరో నవ్వారు. సులోచనకు నవ్వు రాలేదు. ఆ టిక్కు పెట్టింది తనే.

హనీఫ్ సాబ్‌కు దారిలో సంగతంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు.

“నా దుకాణానికి రోజూ పది గడియారాలొస్తయమ్మా,” అన్నారు. “బాగుచేసి, ఇప్పుడెంతయ్యిందో చూసి ముల్లు తిప్పి ఇస్త. కొన్న దినం ఎంతయ్యిందని అడిగి, ఆ టైముకు పెట్టి ఇస్తనా?”

“గా మాట నేను మా సార్‌కు చెప్పలేను సాబ్. నియమాలల్ల గడియారాల గురించి లేదు.”

తిరిగి వచ్చేసరికి ఎల్లవ్వ మెట్ల మీద దిగులుగా కూర్చుని ఉంది. “నేను జెప్పుట్ల తప్పయ్యిందా మేడం? ఊర్కె ఉండేదుండెనా?”

“నువ్వు నిజమే చెప్పినవు. నిజం చెప్పుట్ల నీ తప్పేం లేదు.”

అయినా ఎల్లవ్వ మనసు నిలవలేదు. మర్నాడు పొద్దున్నే ఇంటి గోడ మీదున్న ఫోటోను అద్దంతో సహా పట్టుకొచ్చింది. ప్రారంభోత్సవం నాటిది. తను తప్పు చెప్పిందేమో చూడమని సులోచన బల్ల మీద పెట్టింది.

ఫోటోలో ప్లాట్‌ఫారం నిండా మనుషులున్నారు. ముందు వరసలో నడివయసు ఎల్లవ్వ నల్లద్దాలు పెట్టుకుని, చంకకు తోలు సంచీ వేలాడేసుకుని నవ్వుతోంది.

“నీకు నల్లద్దాలెక్కడియి?”

“ఇచ్చి మళ్ల తీస్కున్నరు. ప్రయాణికుల లెక్క నిలవడుమని కూలోళ్లందర్ని నిలవెట్టిండ్రు. పేపర్ల ఫోటో ఎయ్యాలె కద.”

సులోచన వేలు ఫోటోలో వెనక్కి జరిగింది. “ఎల్లవ్వా, నీ వెనుక ఇది రైలు కాదా? ఏడాదిన్నరకు వచ్చిందంటివి కద?”

“అది రైలు గాదు మేడం, అట్టల రైలు. సిన్మా సెట్టింగులోళ్లను వట్టుకొచ్చి ప్లైవుడ్ తోని జేపిచ్చిండ్రు. ఎనుకంగ జూస్తె కట్టెలే.”

“మరి ఆ సార్‌కు చెప్పలేదేంది?”

“సారు రైలు ముచ్చట అడిగిండు. అట్టలది అడగలే.”

సులోచన తలుపు దగ్గరగా వేసి, తెల్ల కాగితం తీసుకుని, సంచాలకులకు పద్నాలుగో ఉత్తరం రాసింది. చింతలబావి స్టేషన్ పునరుద్ధరణ అసంపూర్తిగా ఉన్నదనీ, ప్రారంభోత్సవ దినమున ఉన్న రెండు ముఖ్య అంశములు, అనగా ఒక రైలు నమూనా మరియు ప్రయాణికుల నమూనాలు, నిర్లక్ష్యమునకు గురైనవనీ, ఫోటో జతపరిచితిమనీ, న్యాయనిర్ణేతల బృందము పది దినములలో రానున్నందున ఇది సంస్థ గౌరవమునకు సంబంధించిన విషయమనీ రాసింది. ఏటా వచ్చే ఆ బృందం చింతలబావిని ఉత్తమ వారసత్వ బహుమతికి పరిశీలించబోతోంది.

సంచాలకులు గంటలో వచ్చారు. వెంట పునరుద్ధరణ ఇంజనీరు ఫణీంద్రను తీసుకొచ్చారు. ఫోటోను భూతద్దంతో చూశారు. ఆయన ముఖంలో తప్పు దొరికిన బాధ, కొత్త ఆధారం దొరికిన ఆనందం కలిసి కనిపించాయి.

“నమూనా రైలు తక్షణమే తయారు కావలెను,” అన్నారు.

ఫణీంద్ర తల గోక్కున్నాడు. “ప్లైవుడ్ తోటి కుదరదు సార్. నేల కింద అంటుకునే వస్తువు పెట్టకూడదని అగ్నిమాపక నియమం. ఇనుముతో చెయ్యాలి.”

“ఇనుముతోనే చేయుడు.”

“ఇనుమైతే బరువు. పట్టాల మీద నిలబెట్టాలంటే చక్రాలు కావాలి. అదీ కాక అక్కడ పెడితే వెనుక రైళ్లు పోవడానికి దారుండదు. ఆరు నిమిషాలకోసారి దాన్ని పక్కకు జరపాలి. మళ్లీ తేవాలి. దానికో మోటారు...” అతను లెక్కలు వేసుకుంటూ కాగితం మీద బొమ్మ గీశాడు. చక్రాలు, మోటారు, ఇనుప గోడలు, ఆరు నిమిషాలకోసారి వచ్చి కాసేపు నిలబడి వెళ్లిపోవడం. గీసిన బొమ్మను చాలాసేపు చూశాడు.

“సార్,” అన్నాడు, “ఇలాంటివి మన దగ్గర ముప్పై రెండున్నాయి.”

సులోచన కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“అవి నిజమైన రైళ్లు,” అన్నారు సంచాలకులు. “నిజమైన వస్తువును నమూనాగా ప్రదర్శించుట మోసము.”

“పద్నాలుగో నియమం ఉన్నది కద సార్,” అంది సులోచన. “మూలవస్తువు లభ్యము కానప్పుడు దానిని పోలిన వస్తువును ఉపయోగించవచ్చును అని.”

“ఉన్నది. నేనే రాసితిని.”

“అట్టల రైలు దేన్ని పోలి ఉండె సార్?”

“రైలును.”

“మరి రైలు దేన్ని పోలి ఉంటది?”

సంచాలకులు లేచి గదిలో అటు ఇటు నాలుగుసార్లు నడిచారు. ఆయన నిజాయితీపరుడు. తర్కం ఎటు తీసుకుపోతే అటు పోతారు.

“అట్టల రైలును,” అన్నారు చివరికి.

ఉత్తర్వులు మూడు రోజుల్లో వచ్చాయి. చింతలబావి స్టేషన్‌లో ఆరు నిమిషములకొక పర్యాయము నమూనా రైలు నిలుపవలెను. ఫోటోలో తలుపులు తెరిచియున్నట్లు రంగుతో చిత్రించియున్నందున నమూనా తలుపులు ఇరవై సెకండ్లు తెరిచియుంచవలెను. ప్రయాణికుల నమూనాలుగా నగరవాసులను అనుమతించవలెను. ఫోటో వెనుక భాగము మసకగా ఉండి సంఖ్య నిర్ణయించుటకు వీలుగాలేనందున పరిమితి లేదు. ఫోటోలో అందరి చేతులలో టిక్కెట్లు కనపడుచున్నందున టిక్కెట్టు తప్పనిసరి. నమూనా ప్రయాణికులు రైలెక్కుచున్నట్లు నటించవలెను. నటనలో సహజత్వము నిమిత్తము లోనికి ఎక్కవచ్చును. దిగుట ఎచ్చట అన్న విషయము ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు.

ఫోటో మూలన మట్టికుండ ఒకటి కనిపించింది కాబట్టి మంచినీళ్లూ తిరిగి వచ్చాయి. ఎడమ పక్క ఎవరో పెట్టె మీద కూర్చున్నారు కాబట్టి ఇరవై చెక్కపెట్టెలు వచ్చాయి. అవి పాత బల్లలకన్నా మెత్తగా ఉన్నాయని జనం అన్నారు.

రైలు మళ్లీ ఆగిన మొదటి రోజున హనీఫ్ సాబ్ లిఫ్టులో కిందికి వచ్చారు.

“నేనిప్పుడు ఏం చెయ్యాలమ్మా?”

“ఏం లేదు సాబ్. ప్రయాణికునిలాగ నటించాలె.”

“ఎట్ల?”

“రైలొచ్చినంక ఎక్కండి. మీ స్టేషన్ వచ్చినంక దిగండి.”

“ఇంతేనా? ఇరవై ఏండ్ల సంది చేస్తున్న,” అన్నారాయన.

న్యాయనిర్ణేతల బృందం చెప్పిన రోజుకే వచ్చింది. అధ్యక్షురాలు దమయంతీదేవి గారు డెబ్భై దాటిన మనిషి. చేతికర్ర, మందపాటి కళ్లద్దాలు. సంచాలకులు ఆవిడకు గీకిన గోడను, ఇత్తడి పలకను, మట్టికుండను చూపించారు. ఆవిడ అన్నింటికీ తల ఊపారు. అంతలో నమూనా రైలు వచ్చి నిలబడింది. పచ్చగుడ్డ కట్టుకున్నవాళ్లు, సంచీలు మోసేవాళ్లు, కాలేజీ పిల్లలు తోసుకుంటూ దిగారు, తోసుకుంటూ ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి. రైలు వెళ్లిపోయింది.

ఆవిడ కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నారు. “వీళ్లకు తర్ఫీదు ఎవరిచ్చారు?” అన్నారు.

“సూపరింటెండెంటు గారే,” అన్నారు సంచాలకులు గర్వంగా.

“చాలా సహజంగా ఉంది. ఒక్కరు కూడా నటిస్తున్నట్టు లేదు. ఆ చివర పరిగెత్తుకొచ్చినతను మాత్రం కొంచెం అతి చేశాడు.” ఆవిడ తన పుస్తకంలో ఏదో రాసుకుని, సులోచన వైపు తిరిగి గొంతు తగ్గించారు. “అమ్మాయీ, మా ఇల్లు ఇక్కడికి రెండో స్టేషన్. పైన ఎండ మండిపోతోంది. నన్ను కూడా నటించనిస్తారా?”

“దాన్దేముందమ్మా. టిక్కెట్టు తీసుకుంటే చాలు.”

మరో రైలు వచ్చింది. సులోచన చెయ్యి అందించి ఆవిడను ఎక్కించింది. మిగతా సభ్యులూ ఎక్కారు. వాళ్లను సాగనంపాలని సంచాలకులు కూడా టిక్కెట్టు చేత్తో పట్టుకుని గబగబా వచ్చి తలుపు గడప మీద కాలు పెట్టబోయారు. చీపురు పట్టుకుని పక్కనే నిలబడ్డ ఎల్లవ్వ మర్యాదగా అడ్డం వచ్చింది.

“సార్, ఏం అనుకోకుండ్రి. ఫోటోల మీరు లేరు.”

సంచాలకులు ఆగారు. గాలిలో ఉన్న కాలును వెనక్కి తీసుకున్నారు. ఆ ఫోటోను ఆయన భూతద్దంతో అంగుళం అంగుళం చూసిన మనిషి.

“నిజమే,” అన్నారు. “లేను.”

ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, నియమం తన మీద కూడా అమలైనందుకు ఎంతో తృప్తిగా నిలబడ్డారు. ఇరవై సెకండ్లు పూర్తయ్యాయి. లోపల అప్పుడే ఎక్కి కూర్చున్న హనీఫ్ సాబ్ లేచి దమయంతీదేవి గారికి సీటు ఇస్తుండగా తలుపులు మూసుకున్నాయి. అట్టల రైలును పోలిన రైలు సరిగ్గా వేళకే కదిలింది.